ఇంజనుకు పెట్రోలు కొలిచేదెలా?

కట్టెల పొయ్యిని గొట్టంతో ఊదితే మంట పెరుగుతుంది. కానీ పొయ్యిలో కట్టెలు చాలకపోతే ఎంత ఊది ఏం లాభం? కారు ఇంజను సంగతీ ఇంతే.

టర్బోచార్జరు ఇంజనుకు ఊదుడు గొట్టం వంటిది. ఇంజను నుంచి వెలువడే వేడి వాయువులు ఒక చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. ఆ గాలికి తగినంత పెట్రోలు చిమ్మేది ఇంజెక్టరు. ఇది విద్యుత్తుతో తెరుచుకునే చిన్న కవాటం. అది ఎంతసేపు తెరుచుకోవాలో కారులోని కంప్యూటరు నిర్ణయిస్తుంది.

జపానులో 1991లో నిస్సాన్ సిల్వియా కారుకు ఎస్.ఆర్.20 డి.ఇ.టి. అనే టర్బో ఇంజను అమర్చారు. దానికి 4 సిలిండర్లు. శక్తి 205 అశ్వశక్తులు. ఒక్కో ఇంజెక్టరు పూర్తిగా తెరిచి ఉంటే నిమిషానికి 370 సి.సి. పెట్రోలు చిమ్ముతుంది. ఇప్పుడు దీనికి పెద్ద టర్బో బిగించి 300 అశ్వశక్తులు రాబట్టాలనుకుందాం. పాత ఇంజెక్టర్లు చాలుతాయా? లెక్క వేద్దాం.

పూర్తి జోరులో టర్బో ఇంజనుకు ఒక్కో అశ్వశక్తికి గంటకు సుమారు 270 గ్రాముల పెట్రోలు కావాలి. 300 అశ్వశక్తులకు 81 కిలోలు. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదాని వంతు 20.25 కిలోలు. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగుతుంది. కనుక ఒక్కో ఇంజెక్టరు గంటకు 27.4 లీటర్లు, అనగా నిమిషానికి 456 సి.సి. ఇవ్వాలి.

అయితే 456 సి.సి. ఇంజెక్టరు కొంటే సరిపోదు. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు, రెండు చుట్లకు పట్టే కాలం 20 మిల్లీ సెకండ్లే. ప్రతి సిలిండరుకూ ఆ వ్యవధిలోనే పెట్రోలు అందాలి. ఇంజెక్టరు ఆ కాలమంతా తెరిచే ఉంటే ఇక అదుపుండదు. అందుకే 80 శాతం, అంటే 16 మిల్లీ సెకండ్ల దగ్గర ఆపుతారు. 456ను 0.8తో భాగిస్తే 570 సి.సి. మనకు కావలసిన కొలత అదీ!

చిన్న ఇంజెక్టర్లనే ఉంచితే ఏమవుతుంది? గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై, మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. సిలిండరులో మంట వేడి 2000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. అల్యూమినియమో 660 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి అల్యూమినియం పిస్టనుకు చిల్లు పడవచ్చు.

పోనీ, ఎందుకైనా మంచిదని 1000 సి.సి.వి పెడితే? కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజనుకు కావలసిన పెట్రోలు బహు స్వల్పం. కవాటం తెరుచుకోవడానికే సుమారు ఒక మిల్లీ సెకండు పడుతుంది. అంత తక్కువ కాలంలో కొద్దిపాటి పెట్రోలును కచ్చితంగా కొలవడం కష్టం. చెంచాతో పోయవలసిన మందును చెంబుతో పోసినట్లవుతుంది! ఏ కొలత ఇంజెక్టరు పెట్టినా కంప్యూటరులోని లెక్కనూ మార్చాలి. లేకుంటే 570 సి.సి. ఇంజెక్టరు ప్రతిసారీ ఒకటిన్నర రెట్లు పెట్రోలు పోస్తుంది.

ఇక మీకో లెక్క. 205 అశ్వశక్తుల వద్ద 370 సి.సి. ఇంజెక్టరు ఎంత శాతం కాలం తెరిచి ఉంటుంది? సుమారు 84 వచ్చిందా? అయితే పాత ఇంజెక్టర్లలో మిగులు ఎందుకు లేదో మీకే తెలిసింది.