గన్నేరు ఉన్న పెరట్లో పిల్లి

చంద్రశేఖరపురం ప్రాంతంలో నీటి ఎద్దడికి తట్టుకొని పూచే పెరటి మొక్కలలో గన్నేరు ముఖ్యమైనది. మేకలు దాని జోలికి పోవు గనుక కంచె వెంట కూడా నాటుతారు. మేక ముట్టని చేదాకును పిల్లి ముడుతుందా అని గృహిణులు నన్ను ప్రశ్నిస్తుంటారు. ముట్టవచ్చు. పిల్లికి పచ్చిక నమిలే స్వభావం ఉంది. గడప దాటని పిల్లికి గడ్డి దొరకనప్పుడు కుండీలోని ఆకే దిక్కు. కొమ్మలు కత్తిరించినపుడు బొచ్చుకు అంటిన రసాన్ని నాకినా ప్రమాదమే.

సంస్కృతంలో కరవీరమనే ఈ మొక్కను మన రసశాస్త్రం ఉపవిషాలలో చేర్చింది. ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషమే. పూలు ఉంచిన పాత్రలోని నీటినీ తాగనీయరాదు. ఇందులోని ఒలియాండ్రిన్ గుండె లయను తప్పిస్తుంది. చొంగ కారడం, వాంతి, విరేచనాలు, నీరసం కనిపిస్తాయి. పచ్చగన్నేరు కూడా ఇంతే.

కరవీరాన్ని ఆవుపాలలో ఉడికించి శుద్ధి చేస్తారని తెలిసిన కొందరు, పిల్లికి పాలు పట్టిస్తే విషం విరుగుతుందని భావిస్తారు. అది సరికాదు. శోధనలో విషాన్ని పీల్చుకొన్న పాలను మేము పారబోస్తాము; కడుపులో పోసిన పాలను పారబోసేదెవరు? ఉప్పునీటితో కక్కించడం మరీ అపాయం. నమిలిన ఆకును వెంట తీసుకొని తక్షణమే పశువైద్యుని వద్దకు వెళ్లాలి. ఇక్కడ నా మూలికలకు పనిలేదు.

పిల్లి ఉన్న ఇంట మందారం, మల్లె నాటుకోండి. ఒక కుండీలో గరిక పెంచితే దాని నమిలే కోరికా తీరుతుంది. గన్నేరును పెరికివేస్తే ఆ కొమ్మలను కాల్చకండి, పొగ మంచిది కాదు. ఎండినా విషం నశించదు. పశువుల మేతలో కలవకుండా లోతుగా పూడ్చిపెట్టండి.