రాలిన పువ్వు కోడి తినొచ్చా? మనం తినొచ్చా?

హోసూరు పక్క మా ఊళ్లో, మా ఇంటి వెనక ఒక వేపచెట్టు, దాని పక్కనే ఎర్ర గన్నేరు ఉన్నాయి. ఉగాది వచ్చేసరికి రెండింటి పూలూ ఒకే నేల మీద రాలతాయి. అవ్వ కోళ్లు గీరుకునేదీ అక్కడే. ఈసారి ఒక పెట్ట గన్నేరు పువ్వును ముక్కున కరుచుకుని పరిగెత్తింది. అవ్వ చీపురుతో వెంటపడింది. "గన్నేరే అది, తింటే సస్తాది!"

మా అమ్మ తమిళావిడ. "అవును, అరళి విషం" అంది. గోడ అవతలి కన్నడ ఆంటీకి నవ్వొచ్చింది. "అరళి విషమా? మా ఊళ్లో అరళి కింద పక్షులన్నీ పండ్లు తింటాయి కదమ్మా!"

ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తమిళంలో అరళి అంటే గన్నేరు, కన్నడంలో అరళి అంటే రావిచెట్టు. మన ఊళ్లలో మూడు భాషలూ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి కాబట్టి, "తినొచ్చా" అని అడిగే ముందు "ఏ చెట్టు" అని తేల్చుకోవాలి. పేరు విని కాదు, చెట్టును చూసి.

గన్నేరులో పువ్వు, ఆకు, కొమ్మ, పాలు అన్నీ విషమే. అందులోని ఒలియాండ్రిన్ గుండె మీద పనిచేస్తుంది: వాంతులు, తర్వాత గుండె లయ తప్పడం. రాలినా, ఎండినా, ఉడికించినా విషం పోదు. 2024 మేలో కేరళలో తిరువాంకూర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలో అరళి పువ్వు వద్దన్నాయి. (అక్కడా అరళి అంటే గన్నేరే.) "కోడికి తెలుసు, చేదుది ముట్టదు" అంటారు. నేను నమ్మను. కోడి వచ్చేది పువ్వులోని చీమల కోసం, చీమతో పాటు రేకూ పోతుంది. దాని ఒళ్లు ఎంత, దానికి సరిపోయే విషం ఎంత? ఇంకో సంగతి, పూజయ్యాక వాడిన గన్నేరు దండలు మేమూ కోళ్లు తిరిగే పెంటమీదే పడేసేవాళ్లం. ఇప్పుడు గుంట తీసి పూడుస్తున్నాం.

వేపపువ్వు సంగతి వేరు. ఉగాది పచ్చడికి నాయన వైపు, చిత్తిరై ఒకటో తేదీ పచ్చడికి అమ్మ వైపు, మాకు రెండుసార్లు కావాలి. తెల్లవారకముందే చెట్టు కింద పాత చీర పరుస్తాం. నేల మీద పడిందాన్ని ఏరం; దుమ్ము, కోళ్ల రెట్ట, గన్నేరు రేకు, ఏదైనా కలవొచ్చు. కాడలు తీసి, చెరిగి, నీడలో ఆరబెట్టి డబ్బాకెత్తుతాం. నేతిలో వేయించి రసంలో వేస్తే చేదు కాస్త తగ్గుతుంది. (నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.) కోళ్లు మాత్రం ఆ పూల మధ్య గీరుకుంటూనే ఉంటాయి, ఏమీ కాలేదు. మునగపువ్వు, తమిళంలో అగత్తి అనే అవిసెపువ్వు కూడా కూరకు పనికొస్తాయి, కానీ వాటిని చెట్టు మీది నుంచే కోస్తారు.

ఎవరైనా గన్నేరు తిన్నారని అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ కొమ్మొకటి కవర్లో పెట్టి చేత్తో పట్టుకెళ్తే, పేరు ఏ భాషలో చెప్పినా డాక్టరుకు చెట్టు తెలుస్తుంది.

మా పెట్ట బతికింది, అవ్వ పువ్వు లాగేసుకుంది. మన సైకిల్ స్టాండు పక్కనున్నది పచ్చ గన్నేరు. దాని గింజ కూడా గుండెకు విషమే. ముగ్గుకు ఆ పూలు ఏరే వాళ్లు టిఫిన్ డబ్బా తెరిచే ముందు చేతులు కడుక్కోండి.