కడుపుతో ఉన్నప్పుడు క్షయ: పుట్టింటికి మందులు మరువకండి

“నెల తప్పినప్పటి నుండి ఒకటే నీరసమండీ, కడుపుతో ఉంటే మామూలేగా” అని చాలామంది తల్లులు అంటుంటారు. మామూలే. చిక్కంతా అక్కడే ఉంది. ఊపిరితిత్తుల క్షయ కూడా అలాగే మొదలవుతుంది. నీరసం, ఆకలి మందగించడం, సాయంత్రమయ్యేసరికి కొద్దిపాటి జ్వరం, రాత్రి చెమటలు. బిడ్డ ఎదుగుతూ ఉంటే తల్లి ఒళ్ళు తగ్గిన సంగతి కాటా మీద తెలియదు. అందుచేత రెండు వారాలు దాటి దగ్గు ఉన్నా, నెలలు నిండుతున్నా బరువు పెరగకపోయినా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ఎక్స్‌రేకు భయపడనక్కరలేదు. పొట్టకు కవచం కప్పి ఛాతీకి మాత్రమే తీస్తారు.

మన పెద్దలకు క్షయ అనగానే మంగళగిరి శానిటోరియం గుర్తుకు వస్తుంది. ఆ స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి శానిటోరియం తెరిచింది 1915లో. అప్పటికి ఈ జబ్బుకు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, అంతే. ఆనాటి భయానికి అర్థముంది, నేడు లేదు. మందులకు లొంగే క్షయకు మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబుటాల్ ఇస్తారు. తరువాత 4 నెలలు పైరాజినమైడ్ తీసివేసి మిగిలిన మూడూ కొనసాగిస్తారు. గర్భిణికీ ఇవే. తోడుగా పైరిడాక్సిన్ విటమిన్ ఇస్తారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ మాత్రం కూడదు, కడుపులోని బిడ్డ వినికిడికి అది హాని చేస్తుంది. మూత్రం ఎర్రబడితే కంగారు వద్దు, అది రిఫాంపిసిన్ రంగు. వాంతులతో పాటు కళ్ళు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి రండి.

ఇక అసలు సంగతి. ఏడో నెలలో శ్రీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళతాము. బెజవాడలో కాపురమున్న పిల్ల అవనిగడ్డకో కైకలూరుకో వెళుతుంది. చీరలు, గాజులు సర్దుకుంటుంది, మాత్రల అట్టలు ఇక్కడే ఉండిపోతాయి. లేదా “ఇన్ని మాత్రలు మింగితే బిడ్డకేమవుతుందో” అని తల్లే మాన్పిస్తుంది. దగ్గు అప్పటికే తగ్గి ఉంటుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. బిడ్డకు ముప్పు మాత్రల వల్ల కాదమ్మా, మానివేయడం వల్ల. జబ్బు తిరగబెడితే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. ఆ క్రిములు మందులకు లొంగకుండా మారవచ్చు కూడా.

కనుక ప్రయాణానికి ముందే మందులిచ్చే చోట చెప్పండి. మీ నిక్షయ్ నంబరు రాసి ఉంచుకోండి. దాని ఆధారంగా పుట్టింటి దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అవే మందులు ఉచితంగా అందుతాయి. పోషణకు ప్రభుత్వమిచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలయింది. బాలింత పథ్యమంటూ కారప్పొడి అన్నంతో సరిపెట్టకుండా గుడ్లు, పప్పు, పాలు, చేపలు పెట్టండి.

చనుబాలు మానవద్దు. పాలలోకి వచ్చే కొద్దిపాటి మందు బిడ్డకు హాని చేయదు, అలాగని రక్షణా ఇవ్వదు. తల్లి తెమడలో ఇంకా క్రిములుంటే ముక్కూ నోరూ మూసుకుని పాలివ్వాలి. బిడ్డను పరీక్షించి, జబ్బు లేకపోతే అది రాకుండా ఐసోనియాజిడ్ ఇస్తారు. బి.సి.జి. టీకా ఎప్పుడన్నది డాక్టరు గారు చెబుతారు.

మరొక మాట. అమ్మాయి వెళ్ళబోయే ఇంట్లో తాతయ్యకు గాని, నాయనమ్మకు గాని ఎడతెగని దగ్గు ఉందేమో ముందు కనుక్కోండి. చుట్టదగ్గులే అని వదిలేయకుండా, పసిబిడ్డ ఆ గడప తొక్కక ముందే వారికీ తెమడ పరీక్ష చేయించండి.