జలచరముల ఆత్మరక్షణ - కాలుష్య ప్రభావము

జలకాలుష్యమనగానే చచ్చి తేలిన చేపలు మనకు స్ఫురిస్తాయి. కాని ప్రాణిని వెంటనే చంపక, దాని రక్షణశక్తిని మాత్రమే హరించే కాలుష్యము మరొకటి ఉన్నది. దానిని గురించి ఈ వ్యాసములో తెలుసుకొందాము.

నీటిలో సహజముగానే కొన్ని విషములు ఉంటాయి. కొన్ని జాతుల నాచు, సూక్ష్మజీవులు వాటిని తయారుచేస్తాయి. నీటిని వడగట్టి ఆహారము గ్రహించే ఆలుచిప్పలకు ఆ విషముల నుండి తప్పించుకొనే మార్గము లేదు. అందుచేత ప్రకృతి వాటికొక సాధనమును ప్రసాదించినది. కణముల పైపొరలోని కొన్ని ప్రొటీన్లు, పడవలో చేరిన నీటిని తోడిపోసినట్లు, లోనికి చొచ్చిన విషమును బయటికి నెట్టివేస్తాయి. వీటిలో ముఖ్యమైనది పి-గ్లైకోప్రొటీన్. 1976లో జూలియానో, లింగ్ అను శాస్త్రజ్ఞులు మందులకు లొంగని కణములలో దీనిని గుర్తించారు. కొన్ని కాన్సరు కణములు మందులను తట్టుకొనుటకు ఇదియే ఒక కారణము. జలచరములలోను ఇట్టి ఏర్పాటు ఉన్నదని క్రొయేషియా శాస్త్రజ్ఞుడు బ్రాంకో కురెలెక్, ఆయన సహచరులు నిరూపించారు.

అయితే కొన్ని రసాయనములు ఈ ప్రొటీన్ల పనిని స్తంభింపజేస్తాయి. సబ్బులలో, సుగంధద్రవ్యములలో వాడే కృత్రిమ కస్తూరి ఇందుకు ఉదాహరణము. అది స్వయముగా తీవ్రమైన విషము కాదు. 2005లో లూకెన్‌బాక్, ఎపెల్ అను పరిశోధకులు కాలిఫోర్నియా ఆలుచిప్పల మొప్పలను కృత్రిమ కస్తూరి కలిపిన నీటిలో రెండు గంటలుంచి, పిదప శుభ్రమైన నీటిలోనికి మార్చారు. అయినను 24 నుండి 48 గంటల తరువాత కూడ ఆ దుష్ప్రభావము కనిపించినది. కణములు తోడివేయవలసిన పదార్థము లోననే నిలిచిపోయినది.

దీనినుండి మనము గ్రహించవలసినది ఏమి? ఒక్కొక్క రసాయనమును విడిగా పరీక్షించి "ఇది నిరపాయకరము" అని తీర్పు చెప్పుట చాలదు. నదిలో ఏ రసాయనమూ ఒంటరిగా ఉండదు. కావలివానిని నిద్రపుచ్చినవాడు స్వయముగా దొంగిలించకపోయినను, దొంగకు తలుపు తెరిచినవాడే. మన ఇండ్లనుండి మురుగుకాలువలో చేరే సబ్బునీటికి కూడ ఈ మాట వర్తించును. విజ్ఞానశాస్త్ర విద్యార్థులమైన మనము ఈ సత్యమును గుర్తుంచుకొనుట అవసరము.