కచ్చిత్సర్గ – అధికారి ధర్మం

శ్రీమద్వాల్మీకి రామాయణంలో అయోధ్యాకాండ 100వ సర్గను పెద్దలు 'కచ్చిత్సర్గ' అంటారు. 'కచ్చిత్' అంటే 'అట్లే జరుగుతున్నది కదా?' అని క్షేమం కోరి అడగడం. జటావల్కలాలతో చిత్రకూటానికి వచ్చి నేలపై వ్రాలిన భరతుని శ్రీరాముడు లేవనెత్తి, కౌగిలించుకొని, అంకంపై కూర్చుండబెట్టుకొని, తండ్రిగారి కుశలం మొదలుకొని రాజ్యనిర్వహణ వరకు వరుసగా ప్రశ్నలు వేస్తాడు. దీనిని రాజనీతిగా మాత్రమే చదివి, మనకు రాజ్యాలెక్కడివని పక్కన పెట్టేవారు ఎక్కువ. కాని నలుగురిచేత పని చేయించవలసిన స్థానంలో ఉన్న ప్రతివారికీ, వారు బ్యాంకు శాఖలో ఉన్నా, పాఠశాలలో ఉన్నా, హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉన్నా, ఈ సర్గ చదువుకోదగినదని నా విశ్వాసం. ఒక సహకార సంస్థలో 28 సంవత్సరాలు పనిచేసి, అందులో 9 సంవత్సరాలు ఒక విభాగానికి అధికారిగా ఉన్నందువల్ల కలిగిన విశ్వాసమిది.

ముందుగా గమనించవలసినది రాముడు మాట్లాడే తీరు. 'ఇట్లు చేయుము' అని ఆయన శాసించడు. 'చేస్తున్నావు కదా' అని అడుగుతాడు. చేస్తున్నవానికి ఆ మాట మెప్పు అవుతుంది, చేయనివానికి హెచ్చరిక అవుతుంది, ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది. పదిమంది ఎదుట నిలబెట్టి 'ఎందుకు చేయలేదు?' అని గద్దించే అధికారులకు ఈ ఒక్క పదం చాలు.

ఈ ప్రశ్నలన్నింటిలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది జీతాలకు సంబంధించినది. సైన్యానికి ఇవ్వవలసిన భోజనసామగ్రిని, వేతనాన్ని సకాలంలో, ఆలస్యం చేయకుండా ఇస్తున్నావు కదా అని రాముడు అడుగుతాడు. అంతటితో ఆగడు. కాలం దాటితే భృత్యులు ప్రభువుపై కోపిస్తారని, వారి మనస్సు చెడుతుందని, దానివల్ల కలిగే అనర్థం చాలా పెద్దదని కారణం కూడా చెబుతాడు. ఎంత ఇవ్వాలన్నది ఒక విషయం, ఎప్పుడు ఇవ్వాలన్నది మరొక విషయం. రెండవదానిని చాలామంది అధికారులు లెక్కచేయరు. మన దేశంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఆ రెండవదానికే గడువు పెట్టింది. వేయిమంది కంటే తక్కువ పనివారున్న సంస్థలలో మరుసటి నెల 7వ తేదీలోగా, మిగిలినచోట్ల 10వ తేదీలోగా జీతం ముట్టాలన్నది.

నేను చిన్న ఉద్యోగిగా ఉన్న రోజులలో, గుత్తేదారు ద్వారా వచ్చిన రాత్రి కాపలాదారుల బిల్లు ఒక అధికారి బల్లపై రెండు నెలలు ఉండిపోయింది. ఆయన లంచం ఆశించినవారు కారు, కఠినుడూ కారు. ఆయన దృష్టిలో అది తొందర లేని కాగితం, అంతే. ఆ రెండు నెలలలో ఒక కాపలాదారు భార్య చెవికమ్మలు తాకట్టుకు వెళ్ళాయి. ఎవరూ పని మానలేదు, గొడవ చేయలేదు. కాని ఒక రాత్రి గోదాములోకి వాననీరు చేరి ఎరువుల బస్తాల అడుగువరుస తడుస్తున్నా వారు ఎవరినీ నిద్ర లేపలేదు. 'మా పని గేటు దగ్గరే కదండీ' అన్నారు. మనస్సు చెడడమంటే ఇదే. నేను అధికారినైన తరువాత, ఉదయం రాగానే కాపలావారి, ఊడ్చేవారి, హమాలీల బిల్లులు చూసిన పిమ్మటే తక్కిన కాగితాలు ముట్టాలని నియమం పెట్టుకున్నాను. దానికి రోజూ పట్టిన సమయం పావుగంట మించదు.

మరొక ప్రశ్న మరింత సూక్ష్మమైనది. పనివారందరూ జంకు లేకుండా ఎప్పుడూ నీ ఎదుటనే ఉండడం లేదు కదా, లేదా అందరూ నీకు దూరం కావడం లేదు కదా అని అడిగి, మధ్యమార్గమే కార్యసాధకమని రాముడు అంటాడు. రెండు రకాల అధికారులనూ నేను చూశాను. ఒకరు అందరి భుజాలపై చేతులు వేసి నవ్వించేవారు. ఆయన ఇచ్చిన గడువును ఎవరూ నమ్మేవారు కాదు. మరొకరి గదిలోకి సెలవు చీటీ వెళ్ళాలన్నా ముగ్గురిని దాటాలి. కార్యాలయంలో జరిగినది ఊరంతా తెలిసిన తరువాత ఆయనకు తెలిసేది. ఎంత దగ్గర, ఎంత దూరం అన్నదానికి కొలత లేదు. ప్రతిదినం ఉదయం రాజవీథిలో ప్రజలకు కనిపిస్తున్నావు కదా అన్న ప్రశ్న మాత్రం ఒక దారి చూపుతుంది. రోజుకొకసారి తన గది విడిచి పనివారి బల్లల మధ్యగా నడిచే అధికారికి సగం సంగతులు అడగకుండానే తెలుస్తాయి.

ఒంటరిగా ఆలోచించి నిర్ణయించవద్దని, మరీ ఎక్కువమందితోనూ మంతనాలు వద్దని, పెద్ద పనులకు సమర్థులను, చిన్న పనులకు తగినవారిని నియమించమని చెప్పే ప్రశ్నలకు వ్యాఖ్యానం అక్కరలేదు. రుచికరమైన భోజనాన్ని ఒంటరిగా తినడం లేదు కదా అని కూడా రాముడు అడుగుతాడు! దీపావళికి వచ్చిన మిఠాయి పెట్టెలు పెద్దాయన గదిలోనే ఆగిపోయే కార్యాలయాలవారికి ఇది వెంటనే అర్థమవుతుంది.

నిందపడినవారిని గురించిన ప్రశ్న వద్ద మాత్రం ఆగాలి. నిర్దోషిపై దొంగతనం మోపినప్పుడు, తెలిసినవారు విచారించకుండానే అతనికి శిక్ష పడడం లేదు కదా అంటాడు. ధనికునికి, పేదకు వివాదం వస్తే నీ మంత్రులు లోభం లేకుండా తీర్పు చెబుతున్నారు కదా అంటాడు. అన్యాయంగా నిందపడినవారి కన్నీరు, తన సుఖం కోసమే పాలించే రాజు సంతానాన్ని, పశుసంపదను నాశనం చేస్తుందని హెచ్చరిస్తాడు. ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందనో, పలుకుబడి గలవారు ఫిర్యాదు చేశారనో క్రిందివాని చేతికి మెమో ఇచ్చేముందు, అతనిని కూర్చోబెట్టి ఒక్కసారి వినడం అధికారి విధి. మెమో వెనక్కు తీసుకోవచ్చు. కాని ఆ రోజు సాయంత్రం అతడు ఇంటికి ఏ ముఖంతో వెళ్ళాడో అది ఎవరూ వెనక్కు తీసుకోలేరు.

ఇన్ని ప్రశ్నలకు భరతుడు ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అన్న ఉండగా తమ్ముడు రాజు కాకూడదు, నాకీ రాజధర్మంతో పని ఏమని అన్నాడు. పాదుకలు శిరస్సున ధరించి తిరిగి వెళ్ళి, నందిగ్రామంలో ఉండి 14 సంవత్సరాలు రాజ్యాన్ని కాపాడాడు. యుద్ధకాండ చివర, రాముడు తిరిగి వచ్చిన నాడు, ఆ పాదుకలను స్వయంగా అన్న పాదాలకు తొడిగి, నీవు ఉంచిన రాజ్యాన్ని నీకు అప్పగిస్తున్నాను, కోశాగారాన్ని, ధాన్యాగారాన్ని, పురాన్ని, సైన్యాన్ని చూచుకొమ్మన్నాడు. అవన్నీ పదిరెట్లు పెరిగి ఉన్నాయి. అదంతా నీ తేజస్సువల్లనే జరిగిందని భరతుడు విన్నవించాడు.