సైకాలజీ చదువు విశ్వాసికి తగునా?



ఇంటరు ఫలితాలు వెలువడగానే తల్లిదండ్రులు విచారణ గురువులను అడిగే ప్రశ్నలలో ఇటీవల ఒకటి కొత్తగా చేరింది. "మా అమ్మాయి బి.ఏ. సైకాలజీ చదువుతానంటోంది ఫాదర్. విశ్వాసం చెడిపోదు గదా? తిండి పెట్టే చదువేనా?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు చిన్నది. రెండవదానికి కొంచెం ఓపిక కావాలి.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఊంట్ అనే ఆచార్యుడు 1879లో మనస్తత్వ ప్రయోగశాల స్థాపించాడు. ఆయన శిష్యులలో ఒకరు ఎడ్వర్డ్ పేస్ అనే కతోలిక గురువు. ఆయన అమెరికాకు తిరిగివెళ్లి వాషింగ్టన్‌లోని కతోలిక విశ్వవిద్యాలయంలో అటువంటి ప్రయోగశాలనే నెలకొల్పారు. బెల్జియంలోని లూవెన్‌లో, తర్వాతి కాలంలో కార్డినలైన మెర్సియే గారు పునీత తోమాసు అక్వీనాసు తత్త్వం పక్కనే ఈ శాస్త్రానికీ పీట వేశారు. 1965లో రెండవ వాటికన్ మహాసభ, ఆత్మల కాపరులు మనస్తత్వ శాస్త్ర ఫలితాలను కూడా వినియోగించుకోవాలని స్పష్టంగా చెప్పింది. కనుక విశ్వాసం గురించి దిగులు అక్కరలేదు.

గురువిద్యాలయంలో మేము చదివిన సైకాలజీ వేరు. ఆత్మకున్న శక్తులు, బుద్ధి, చిత్తము, ఉద్వేగాలు - వీటిని తర్కంతో విచారించేవాళ్లం. కళాశాలలో మీ బిడ్డ చదివేది కొలతల సైకాలజీ. కలల అర్థాలు నేర్పుతారని ఆశపడి చేరిన పిల్లలకు మొదట ఎదురయ్యేది గణాంకశాస్త్రం. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం! లెక్కలు తప్పించుకోవడానికి ఆర్ట్స్ గ్రూపు తీసుకున్నవారికి ఇది చేదు మాత్రే.

ప్రయోగాలు చూడటానికి చిన్నవి. ఉదాహరణకు, సమానమైన రెండు గీతలు ఉంటాయి. ఒకదాని కొసలకు బాణపు ములుకులు లోపలికి, మరొకదానికి బయటికి తిరిగి ఉంటాయి. వాటిలో ఒకటి పొడవుగా కనబడుతుంది. ఎన్ని మిల్లీమీటర్ల మేర కన్ను మోసపోయిందో పదేపదే కొలిచి రాసుకోవాలి. సమానమని తెలిసిన తరువాత కూడా కన్ను మోసపోతూనే ఉంటుంది. మన దేశంలో భాటియా గారు 1955లో ప్రచురించిన బుద్ధి పరీక్షలూ ఉన్నాయి. చదువురాని పిల్లవాడికీ సరిపడేలా దిమ్మెలు, బొమ్మలు, వినిపించిన శబ్దాలను తిరిగి చెప్పడం వంటివి అందులో పెట్టారు. బడికి వెళ్లనివాడు మందబుద్ధి కాదన్న వివేకం ఆ పెట్టెలో ఉంది.

ఈ పరిశోధన శిక్షణ ఎందుకంటారా? ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక విచారణలో సర్వే చేయగా, ప్రతి ఆదివారం దివ్యబలిపూజకు వచ్చేవారిలో దిగులు తక్కువగానూ, రానివారిలో ఎక్కువగానూ కనబడిందనుకోండి. "చూశారా, పూజకు రానందువల్లనే మనశ్శాంతి పోయింది" అని ప్రసంగపీఠం నుండి చెప్పాలని ఏ గురువుకైనా అనిపిస్తుంది. శిక్షణ పొందిన విద్యార్థి చెయ్యెత్తి అడుగుతుంది: "ఏది ముందు ఫాదర్? పూజ మానినందుకు దిగులు వచ్చిందా, దిగులు వచ్చినందుకు మంచం దిగలేక పూజ మానారా? లేక, భర్త పోయిన దుఃఖమో అప్పుల బాధో రెంటికీ మూలమా?" రెండు సంగతులు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. కోవెలకు రావడం మానిన సోదరిని "విశ్వాసం చల్లారింది" అని తీర్పు తీర్చే ముందు మనమంతా అడగవలసిన ప్రశ్న ఇదే. ఆమెకు కావలసింది మందలింపు కాక మందు కావచ్చు. దయ్యం పట్టిందని తీసుకువచ్చేవారి విషయంలోనూ అంతే. అది వ్యాధి కాదని ముందు నిర్ధారించుకోవాలని కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1673వ అంశంలో హెచ్చరిస్తున్నది.

ఇక ఉద్యోగం మాట. డిగ్రీ పుచ్చుకున్నంతనే చికిత్స చేసే అర్హత రాదు. ఆపైన రెండేళ్ల పి.జి. ఉంది. దాని తర్వాత, భారత పునరావాస మండలి గుర్తించిన సంస్థలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తూ రెండేళ్లు ఎం.ఫిల్. చేయడమే క్లినికల్ సైకాలజిస్టు కావడానికి ఇంతకాలం ప్రధాన మార్గం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నిర్వచనంలో కూడా ఇది ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్.ను తొలగించాలన్నది గనుక కొత్త కోర్సులు వస్తున్నాయి. చేరే సంవత్సరం మండలి జాబితా చూసుకోవాలి. సైకాలజీని దూరవిద్యలో బోధించరాదని యు.జి.సి. 2025లో ఆదేశించిన సంగతీ గుర్తుంచుకోండి. ఇన్నేళ్ల తర్వాత కూడా వీరు మందులు రాయరు. అది సైకియాట్రిస్టు పని. వారాంతపు శిక్షణ పత్రం గోడకు తగిలించి కౌన్సెలర్లమంటూ రుసుము వసూలు చేసేవారి దగ్గరకు దయచేసి వెళ్లకండి.

పాపసంకీర్తనం ఉండగా ఇవన్నీ ఎందుకని కొందరంటారు. అక్కడ దొరికేది పాపక్షమ. వ్యాధి పాపం కాదు, దానికి క్షమాపణ అడిగే పని లేదు. గోప్యతలోనూ తేడా ఉంది. పాపసంకీర్తనపు రహస్యాన్ని గురువు ఏ కారణానా విప్పరాదు. చికిత్సకులూ గోప్యత పాటించవలసిందే గాని, ప్రాణాపాయాన్ని తప్పించడానికి అవసరమైన మేరకు చెప్పడానికి 2017 చట్టం అనుమతిస్తున్నది. ఇంట్లో ఎవరైనా చావు మాటలు మాట్లాడుతుంటే వెంటనే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వపు టెలి-మానస్ సేవ, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

అమ్మాయిని చేర్చేముందు కళాశాలకు స్వయంగా వెళ్లండి. ప్రయోగశాల తలుపు తెరిపించి చూడండి. పరికరాల మీద దుమ్ము ఎంత ఉందో గమనించండి. గణాంకశాస్త్రం చెప్పే అధ్యాపకులు ఎవరో, చివరి సంవత్సరం ప్రాజెక్టును పిల్లలే చేస్తారో, బజారులో కొని అట్ట వేస్తారో అక్కడి సీనియర్ విద్యార్థులను అడిగితే దాచకుండా చెబుతారు.