ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనము

నర్సీపట్నము ప్రాంతమున రావికమతము అను గ్రామము కలదు. 2022వ సంవత్సరము వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండిన ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. కల్యాణపులోవ జలాశయము ఈ మండలముననే యున్నది. ఈ సీమ రైతులు వరి, చెఱకు పండింతురు. చెఱకును గానుగ ఆడి, రసమును పెనములలో కాచి, మడ్డి తీసివేసి, పాకము కుదిరిన పిమ్మట బెల్లపు దిమ్మలు చేయుదురు. ఈ ప్రాంతపు బెల్లమునకు పెద్ద విపణి అనకాపల్లి. బెల్లపు వ్యాపారమున ఆ పట్టణము దేశమంతట పేరు పొందినది.

విపణిలో వర్తకుడు దిమ్మను చూచి, రంగును బట్టి వెల కట్టును. బంగారు చాయ గల దానికి ఎక్కువ ధర. నల్లబెల్లమునకు తక్కువ ధర. రంగునకే వెల యున్నపుడు రైతు రంగునకే పాటుపడును గదా! అందుచేత మరుగు రసములో హైడ్రోస్ అను గంధకపు రసాయనమును కలుపుట అలవాటయ్యెను. ఆ చాయ నిలువదు. కొన్నాళ్లకు దిమ్మ మరల నల్లబడును. రసాయనపు శేషము మాత్రము తినువారి కడుపున చేరును. ఇందు తప్పు రైతునిది మాత్రమే యనుట న్యాయము కాదు. కంటితోనే బేరము ముగించు కొనుగోలుదారునికిని అందు భాగము కలదు.

సంతలో సరకును చూపి అమ్మినట్లే, అంతర్జాతీయ ప్రదర్శనములలో దేశదేశములవారు తమ పంటలను, యంత్రములను, సేద్యపు పద్ధతులను చూపుదురు. అట్టి గొప్ప ప్రదర్శనము 1959వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన ఢిల్లీ నగరమున ప్రారంభమయ్యెను. దాని పేరు ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనము. అప్పటి కేంద్రమంత్రి పంజాబ్‌రావు దేశ్‌ముఖ్ స్థాపించిన భారత కృషక సమాజము దీనిని నిర్వహించెను. ప్రారంభోత్సవమునకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌తో పాటు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వచ్చెను.

అమెరికావారి ప్రదర్శనశాల బంగారు వన్నె గుమ్మటములతో కన్నులు మిఱుమిట్లు గొలుపుచుండెను. దానిని రూపొందించిన శిల్పి మినోరు యమసాకి. న్యూయార్కు నగరమున జంట సౌధములను రూపొందించి తరువాత లోకప్రసిద్ధుడైనవాడు ఈతడే. ఆహారము, కుటుంబము, స్నేహము, స్వాతంత్ర్యము అను నాలుగు మాటలను ఆ దేశమువారు తమ ప్రదర్శనమునకు ముఖ్యాంశములుగా పెట్టుకొనిరి. చూడవచ్చినవారికి ఆశ్చర్యము కలుగుట సహజము. అయితే గట్ల నడుమ చిన్న చిన్న మడులు దున్నుకొను రైతు పెద్ద ట్రాక్టరును చూచి ఆనందింపవచ్చునే గాని, దానిని ఏ మడిలో త్రిప్పగలడు?

పైగా ప్రపంచమును పిలిచి వ్యవసాయమును చూపిన మన దేశము ఆనాడు తన తిండికి ఇతరులపై ఆధారపడి యుండెను. 1956వ సంవత్సరము నుండియే పి.ఎల్. 480 అను అమెరికా చట్టము క్రింద గోధుమలు ఓడలలో వచ్చుచుండెను. ప్రదర్శనము ముగిసిన కొలదినెలలకే, 1960 మే నెలలో, 160 లక్షల టన్నుల గోధుమలకు, 10 లక్షల టన్నుల బియ్యమునకు క్రొత్త ఒడంబడిక కుదిరెను. కఱవు వచ్చిన 1966లో మన దేశము సుమారు కోటి టన్నుల ధాన్యము దిగుమతి చేసికొనెను.

వరి సేద్యమున మార్పు తెచ్చిన వస్తువు ఆ గుమ్మటముల క్రింద ఉండుటకు వీలులేదు. అది అప్పటికి పుట్టనే లేదు. ఫిలిప్పీన్స్ దేశమున 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడెను. ఇండోనేషియా వంగడమగు పేటాను, తైవాను పొట్టి వంగడముతో సంకరపఱచి, 1966లో ఆ సంస్థ ఐ.ఆర్. 8 అను వరిని విడుదల చేసెను. పూర్వపు వరులు పొడవైనవి. ఎరువు ఎక్కువ వేసినచో ఏపుగా పెరిగి, కంకి బరువునకు నేలకు ఒరిగెడివి. ఈ పొట్టి వరి ఒరగక నిలిచి ఎరువును గింజగా మార్చెను.

పశ్చిమగోదావరి జిల్లా ఆచంట గ్రామవాసియగు నెక్కంటి సుబ్బారావు అను రైతు 1967లో ఆ విత్తనమును తన పొలమున పండించి చూపెను. ఆయనకు మిస్టర్ ఐ.ఆర్. 8 అను పేరు వచ్చెను. ఆయన పొలమే నిజమైన ప్రదర్శనశాల యనవలెను. ఏలయన, నీరెంత, ఎరువెంత, దిగుబడి యెంత అను ప్రశ్నలకు అచట బదులు దొరకెను. ఆ వరికి లోపములు లేకపోలేదు. గింజ ముతక, అన్నము రుచి పలువురికి నచ్చలేదు, పురుగు బాధయు కలదు. నీటి వసతి లేని మెట్టభూమిలో అది ఆ ఫలితమును ఈయజాలదు. జలాశయము క్రింది పొలమునకును, వానపై ఆధారపడు పొలమునకును విత్తనమొకటే కాదని రావికమతము రైతునకు వేరుగ చెప్పనక్కఱలేదు.

ఢిల్లీలో మథురా మార్గమున ప్రగతి మైదానము 1972లో వెలసెను. 1980 నుండి అచట భారత అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శనము నవంబరు నెలలో జరుగుచు వచ్చినది. అట్టి చోట్లకు వచ్చు పరదేశపు వర్తకుడు సరకును చూచి తృప్తిపడడు, పరీక్షాపత్రము అడుగును. బెల్లమున గంధకపు శేషమెంతయో ఆ పత్రము తెలుపును. హైడ్రోస్ లేకయే, బెండ జిగురుతో రసమును తేర్చి శుభ్రమైన బెల్లము చేయవచ్చును. అట్టి బెల్లము కొంచెము ముదురు రంగున నుండును. ఆ దిమ్మలను బండి కెత్తుకొని విపణికి వచ్చు రైతు మాత్రము, రంగు చూచి వెల కట్టు వర్తకుని యెదుటనే నిలువవలసి వచ్చుచున్నది.